గుమ్మంలో పిల్ల

సోమవారం. ముసురు.

ఎండ లేదు. రేకుల మీద ఉన్న సోలార్ పలకలతో బ్యాటరీలు సగం కూడా ఛార్జ్ కాలేదు. అయినా పొద్దున్నే రేడియో స్టేషన్ ముందు వరస కట్టేశారు. వాన పడితే జనానికి దూరాన ఉన్న అయినవాళ్ళు ఎక్కువ గుర్తొస్తారు కాబోలు.

మనిషికి రోజుకి ఒక్క ఫొటో, నలభై కిలోబైట్లు దాటకూడదు. తీగలన్నీ సముద్రం కిందికి పోయాక గాలిలో మిగిలిన దారి అంత సన్నం. ఈ మాట రోజూ చెబుతాను, రోజూ ఎవరో ఒకరు గొడవ పెట్టుకుంటారు. ఇవాళ అప్పలకొండ వంతు. మనవడి బారసాల ఫొటో తెచ్చింది. ఇంటిల్లిపాదీ ఇంటి ముందు నిలబడ్డారు. నీళ్ళకి అవతల తాటిగుట్టలో ఉన్న చెల్లెలికి పంపాలట.

"ఇంతమందిని నలభైలో ఇరికిస్తే ఎవరి ముఖమూ మిగలదు. పిల్లాడినీ తల్లినీ ఉంచి పక్కలు కోసేస్తానత్తా," అన్నాను.

"ఒలే రత్నం, ఆ పక్కనున్నది మీ మావయ్యే. కోసీసినావంటే నాతో మాటాడ్డు."

చివరికి ఎవర్నీ కోయలేదు. కొలత తగ్గించాను. రంగులు తగ్గించాను. మళ్ళీ కొలత తగ్గించాను. ముఖాలు అన్నం మెతుకులంత అయ్యాయి. ఇంతకు ముందైతే నాకే మనసొప్పేది కాదు. ఉప్పెనకి ముందు స్టూడియోలో పెళ్ళి ఫొటోలకి మెరుగులు దిద్దిన చెయ్యి ఇది. ఇప్పుడు పర్వాలేదు, ఈమధ్యే నింపుడు మిషన్ వచ్చింది. నేనిక్కడ పారేసిన చుక్కల్ని అక్కడ ఉన్న మిషన్ ఊహించి మళ్ళీ పెడుతుంది. కన్ను ఉండాల్సిన చోట కన్ను, పూలు ఉండాల్సిన చోట పూలు. వచ్చే ఫొటోలకి మా దగ్గరా ఒకటి ఉంది. గోడ మీద ఉన్న పాత ఫొటోలన్నీ చూపించి వాటికి ఆ పని నేర్పారట. గోడ అంటే ఊళ్ళన్నిటికీ ఉమ్మడి తెర. విడిపోయినవాళ్ళు ఒకరినొకరు వెతుక్కునేది దాని మీదే.

ముఖలింగం అన్నయ్య వరసలో చివర. ఎప్పుడూ చివరే నిలబడతాడు. ఎప్పుడూ అదే ఫొటో. కూతురు పారిజాతం, ఏడేళ్ళది. రెండు జడలు. గుమ్మం పక్కన సగం దాక్కుని, తల ఓ పక్కకి వంచి చూస్తుంటుంది. ఉప్పెన వచ్చిన రోజు ఆ పిల్లని లారీ ఎక్కించి, ముసలి తల్లిని తెచ్చుకోడానికి వెనక్కి వెళ్ళాడు. లారీ ఏ ఊరికీ చేరలేదు. నాలుగేళ్ళయింది. వానైనా జ్వరమైనా వచ్చి ఆ ఫొటో గోడ మీద పెట్టించుకుని వెళతాడు.

"ఇయాల కాస్త ఎలుగు పెంచమ్మీ. కళ్ళు బాగా అవుపడాల," అన్నాడు.

పెంచాను.

మంగళవారం. ముసురే.

తాటిగుట్ట స్టేషన్ నుంచి కూర్మారావుగారు పిలిచారు. నాలుగేళ్ళుగా రోజూ మాట్లాడుకుంటాం. ఆయన గొంతు తప్ప మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"రత్నమ్మా, అప్పలకొండ చెల్లెలు ఒకటే అడుగుతోంది. గుమ్మంలో నిలబడిన పిల్ల ఎవరు, ముద్దుగా ఉంది, ఎవరి తాలూకు అని."

ఫొటో తెరిచి చూశాను. జనం వెనక తలుపు తీసి ఉంది. తలుపులోంచి చీకటి. ఎవరూ లేరు.

"ఇరుగుపొరుగు పిల్లెవరైనా తొంగిచూసిందేమో, చిన్నది చేస్తే నాకు కనబడలేదేమో," అన్నాను. అన్నానే గానీ, నేను చూస్తున్నది కుదించక ముందు ఫొటో.

అప్పలకొండకి చెబితే గట్టిగా నవ్వింది. "మా సెల్లికి సిన్నప్పట్నుంచీ సత్వారమే, కళ్ళు ఆనవు."

గురువారం. కాస్త ఎండ.

పలకలు తుడిచాను. చెమ్మ పట్టిన మెమరీ కార్డులు ఎండలో పరిచాను. ఆ తర్వాత వచ్చిన ఫొటోలు తెరిచాను.

తాటిగుట్టలో ఒంటరిగా ఉండే పంతులుగారొకరు ఇక్కడి తమ్ముడికి తన గది ఫొటో పంపారు. మంచం, కుండ, వెనక తలుపు. తలుపు దగ్గర ఒక పిల్ల. సగం దాక్కుని ఉంది. తల ఓ పక్కకి వంచింది.

పోలిక కాదు. ఆ ముఖాన్ని రోజూ నా చేతుల్తో కుదిస్తున్నాను. నిద్రలో గీయమన్నా గీస్తాను.

కూర్మారావుగారిని పిలిచాను. ఆయన పంతులుగారి అసలు ఫొటో తీసి చూశారు.

"ఎవరూ లేరు. తలుపంతే."

"మా దగ్గర ఉంది. పారిజాతం ఉంది."

"ఎవరు?"

"ముఖలింగంగారి అమ్మాయి. మీ గోడ మీదా రోజూ వస్తుందే."

ఇద్దరికీ ఒకేసారి తెలిసిందనుకుంటా. మిగతా అందరి ముఖాలూ గోడ మీద ఒకటో రెండో సార్లు ఉంటాయి. ఈ పిల్ల నాలుగేళ్ళుగా రోజూ ఉంది. గోడని చూసి నేర్చుకున్న మిషన్ ఏమని నేర్చుకుంటుంది? గుమ్మం ఉంటే గుమ్మంలో ఆ పిల్ల ఉంటుందని. చీకటిగా ఉన్నచోట, చిన్నపిల్ల నిలబడే జాగా ఉన్నచోట, అది ఈ పిల్లని నిలబెడుతోంది.

"అయ్యో," అన్నారాయన చివరికి. "తండ్రికి చెప్పావా?"

చెప్పలేదు. మధ్యాహ్నం ముఖలింగం అన్నయ్య వరసలో చివర నిలబడ్డాడు. ఫొటో తీసుకున్నాను, కుదించాను, పంపాను.

ఆదివారం. మబ్బు.

చెప్పాల్సిన పని లేకపోయింది. ఊరే చెప్పింది.

ఈ మూడు రోజుల్లో ఆ పిల్ల కిటికీలో కనబడిందని ఒకరు, పడవ చాటున కనబడిందని ఇంకొకరు. కొందరు దెయ్యమన్నారు. కొందరు ఫొటో ముందు దీపం పెట్టారు. ఒకావిడ తన ఫొటో వెనక్కి ఇచ్చేయమని నాతో పోట్లాడింది. ముఖలింగం అన్నయ్య మాత్రం పొద్దున్నే, వరస లేనప్పుడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడ్డ వేళ్ళతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఊళ్ళూళ్ళ అవుపడతందట గదమ్మీ నా గుంట. ముందు ఏ ఊరెల్లమంటావు?"

కూర్చోమన్నాను. మిషన్ సంగతంతా చెప్పాను. చుక్కలు పారేయడం, ఊహించి పెట్టడం, గోడ చూసి నేర్చుకోవడం. బుద్ధిగా విన్నాడు. మధ్యలో తలూపాడు కూడా.

"అన్నయ్యా, పారిజాతానికి ఇప్పుడు పదకొండేళ్ళు రావాలి. ఫొటోల్లో ఉన్న పిల్లకి ఏడేళ్ళే. చూడు, అదే గౌను. అదే జడ."

ఆయన తెర వైపే చూస్తున్నాడు.

"ఎదగకపోతే ఏటి," అన్నాడు. "నా గుంటేగదా."



బుధవారం. గాలి.

తాటిగుట్ట నుంచి దొరికిన పిల్లల ఫొటోలు వచ్చాయి. దూరపు దిబ్బ మీద చేపలవాళ్ళకి దొరికిన పిల్ల ఒకర్తి ఉంది వాటిలో. పదీ పదకొండేళ్ళుంటాయట. పేరు చెప్పదు, అసలు మాటే లేదు. ఒకేసారి చాలా ఫొటోలు పంపాల్సి వచ్చి కూర్మారావుగారు వాటిని మరీ చిన్నవి చేశారు.

మా మిషన్ నింపి తెర మీద పెట్టింది. ఎదిగిన ఒళ్ళు. మోకాళ్ళు, పొడుగాటి చేతులు. దాని మీద ఏడేళ్ళ పారిజాతం ముఖం.

చూడలేకపోయాను. ఫొటోలకి మెరుగులు దిద్దిన చేత్తో అంటున్నాను, ఆ మెడ మీద ఆ ముఖం అతకలేదు. కానీ వచ్చినవాళ్ళు మెడ చూడరు. ముఖమే చూస్తారు. జనం మూగారు. చేపలకి ఉప్పు పట్టించే నీలవేణి కూడా బుట్ట దించుకుని చూసింది. దానికీ ఉప్పెనలో చాలామంది పోయారు. ఓ నిమిషం చూసి, "ముఖలింగం మావ పిల్లే. అదురుష్టం," అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ముఖలింగం అన్నయ్య ఏడవలేదు, అరవలేదు. తెరని చేత్తో ముట్టుకున్నాడు. తిన్నగా రేవుకి వెళ్ళాడు. శనివారం తాటిగుట్టకి పోయే సరుకు పడవలో చోటు అడిగాడట. ఈ గాలికి ఆ పడవలో సరంగు తన తమ్ముణ్ణే ఎక్కించుకోవడం లేదు. పోయిన నెల ఇలాంటి గాలిలో బయల్దేరిన పడవ ఇప్పటికీ తిరిగి రాలేదు.

సాయంత్రం కూర్మారావుగారితో ఆయన్ని మాట్లాడించాను.

"బాబూ, ఆ పిల్ల ఇప్పుడు నా ఎదురుగానే ఉంది," అన్నారు కూర్మారావుగారు. "నుదురు వెడల్పు. ముక్కు చప్పిడి. గెడ్డం కింద పాత గాటు ఉంది. మీ ఫొటోలో పిల్ల కాదు."

"మీరు మా గుంటని ఎప్పుడన్నా ఎదురుగా సూసినారేటి?"

"లేదు."

"మరింకేటి. గాటు తరవాత పడుంటాది. నాలుగేళ్ళలో ముక్కు మారదేటి? మిషను ఊరికే ఎందుకెడతాది నా గుంట ముఖం?"

నేను చెప్పిందంతా ఆయన విన్నాడు. వినడం వేరు.

గురువారం. గాలి పెరిగింది.

రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే కూర్మారావుగారితో అన్నాను: "ఆ ఫొటో కుదించకుండా పంపండి. అసలుది. ఉన్నది ఉన్నట్టు."

"రత్నమ్మా, అది పంపాలంటే దారి మొత్తం రేపంతా దానికే ఇవ్వాలి. ఇక్కడివీ అక్కడివీ ఒక్క ఫొటో పోదు. మా వాళ్ళని నేను ఒప్పించుకుంటాను. మీ వాళ్ళు?"

వరసలో ఉన్నవాళ్ళకి చెప్పాను. గొడవే అయింది. ఒకాయన కూతురి పెళ్ళిచూపుల ఫొటో పంపాలి, అవతలివాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఒక కుర్రది కాలి పుండు ఫొటో డాక్టరుకి పంపాలి.

"పుండు ఫొటో ఇవాళే పంపేద్దాం, ముందు అదే," అన్నాను. "ఇవాళ పోగా మిగిలినవి ఎల్లుండి."

"ఒక్కడి కోసం ఊరంతా ఆగాలేటి?" అన్నాడు పెళ్ళిచూపులాయన.

అప్పలకొండ వెనక్కి తిరిగింది. "ఆడు పడవెక్కి ములిగిపోతే నీ కూతురి పెళ్ళికి భోజనానికొత్తాడేటి రా? ఆగు ఓ రోజు. నా మనవడి ఫొటో నానూ ఆపుకుంతాను. ఆడి ముఖం రేపటికేం మారిపోదు."

ఎవరో నవ్వారు. దాంతో అయిపోయింది.

శుక్రవారం. గాలి, ఎండ.

ఎండ రావడం మా అదృష్టం. నింపుడు మిషన్ ఆపేశాను. ఫొటో పైనుంచి కిందకి పట్టీలు పట్టీలుగా రావడం మొదలైంది. నాలుగేళ్ళలో ఇంత వివరంగా ఉన్న బొమ్మ ఈ తెర మీద రాలేదు. మొదట ఆకాశం, ఆ తర్వాత పిల్ల వెనక ఉన్న ఇంటి గోడ. గోడ మీద చీమల బారు కూడా కనబడింది.

ముఖలింగం అన్నయ్య బల్ల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అన్నం తెస్తే ముట్టలేదు. వెనక జనం నిలబడ్డారు.

జుట్టు వచ్చింది. చింపిరిగా, ఉప్పునీళ్ళకి ఎర్రబడి ఉంది.

"జుట్టు అలాగే ఉంటాది దానికి," అన్నాడు నెమ్మదిగా.

నుదురు వచ్చింది. వెడల్పు నుదురు. తర్వాత కనుబొమలు. ఆ తర్వాత ఎంతసేపటికో కళ్ళు. ఆ కళ్ళు మా వైపు కాదు, ఫొటో తీస్తున్నవాడి వెనక ఎక్కడో చూస్తున్నాయి. భయపడిన కళ్ళు.

నేను తెర చూడటం మానేసి ఆయన్ని చూశాను. కళ్ళ దగ్గరే ఆయనకి తెలిసిపోయింది. భుజాలు కిందికి దిగాయి.

"ఆపెయ్యనా అన్నయ్యా?"

"ఒద్దు. రానీ."

ముక్కు, పెదవులు, గెడ్డం కింద గాటు. ఎవరిదో పెద్ద చొక్కా తొడిగారు. మోకాళ్ళు. చివరికి పాదాలు. పాదాలకి చెప్పుల్లేవు. చివరి పట్టీ వచ్చేదాకా ఆయన కదల్లేదు.

"నా గుంట కాదు," అన్నాడు.

వెనక అప్పలకొండ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన చాలాసేపు ఆ పిల్లనే చూశాడు. తర్వాత నన్నడిగాడు: "ఈ గుంటకి ఎవరో ఒకరు ఉండే ఉంటారు గదమ్మీ. ఆళ్ళు మొన్న ఈ తెర సూసుంటారా?"

"చూసుండొచ్చు."

"నా గుంట ముఖం అడ్డమెట్టుకుని ఉంటే ఆళ్ళెలా పోల్చుకుంటారు?"



శనివారం. గాలి.

పడవ వెళ్ళింది. ఆయన ఎక్కలేదు. స్టేషన్‌కి వచ్చాడు.

గోడ మీద ఫొటో ఎవరు పెడితే వాళ్ళే తీసేయాలి. ఇంకెవరికీ ఆ హక్కు లేదు. పారిజాతం ఫొటోలన్నీ తీసేస్తే, మిషన్లన్నీ తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి నేర్పించొచ్చని కూర్మారావుగారు మిగతా స్టేషన్లతో మాట్లాడి ఉంచారు. ఇదంతా ముఖలింగం అన్నయ్యకి చెప్పాను.

"అన్నీ తీసీసినాక అది ఇంకెక్కడా అవుపడదు."

"నీ ఫోనులో ఉంటుంది అన్నయ్యా. గోడ మీద ఒక్కటి ఉంచుదాం. అందరికీ ఉన్నట్టే."

"ఆ ఒక్కటీ పెద్దది ఎట్టగలవా? కుదించకుండా?"

"దారి ఖాళీగా ఉన్న రోజు చూసి పెడతాను."

ఆయనకి ఎక్కడ నొక్కాలో చూపించాను. వేలు పెట్టి ఆగాడు. తెర మీద వరసలు వరసలుగా పారిజాతం, కొన్ని వెలుగు ఎక్కువ, కొన్ని తక్కువ, కొన్నిటిలో నేను ముఖం దాకా కోసి పెద్దది చేసినవి. అన్నీ ఒకే చూపు.

"పండుకో అమ్మా," అన్నాడు. నొక్కాడు.

తెర ఖాళీ అయింది. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, నాకు దణ్ణం పెట్టబోయాడు. నేనే ముందు ఆయన చేతులు పట్టుకున్నాను.

మంగళవారం. ఎండ.

నింపుడు మిషన్లు తుడిచేశారు. ఇప్పుడు వాటికేమీ రాదు. వచ్చిన ఫొటోలు వచ్చినట్టే, మసగ్గా ఉంటున్నాయి. జనం విసుక్కుంటున్నారు.

విసుక్కోవడం ఒక్కటే కాదు. తాటిగుట్ట పంతులుగారి తమ్ముడు వచ్చి, తన అన్న గది ఫొటోలో పిల్ల ఏమైందని అడిగాడు. "అన్నయ్య ఒక్కడే ఉంటాడమ్మా. ఆ పాప ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది నాకు," అన్నాడు. అసలెప్పుడూ లేదని చెప్పాను. తెలుసన్నాడు. అయినా కాసేపు ఆ ఖాళీ తలుపు చూసి వెళ్ళాడు.

దొరికిన పిల్ల అసలు ఫొటో మాత్రం తెర మీద అలాగే ఉంచాను. మధ్యాహ్నం నీలవేణి బుట్టతో వెళుతూ ఇటు చూసింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. బుట్ట దించలేదు. జారిపోయింది. చేపలన్నీ గుమ్మంలో చెల్లాచెదురయ్యాయి.

"అమ్మీ, ఇది మా అప్ప కూతురు జయంతి. ఆ గాటు... మా ఇంటి మెట్టు మీద పడింది. నానే పసుపెట్టినాను." ఊపిరి అందడం లేదు దానికి. "నాను మొన్న ఇక్కడే నిలబడి సూసినానే. ఈ గుంటనే సూసినాను. సూసి ఎల్లిపోనాను."

చుట్టూ ఉన్నవాళ్ళు చేపలు ఏరి బుట్టలో వేస్తున్నారు. వాళ్ళలో ముఖలింగం అన్నయ్య కూడా ఉన్నాడు. అలవాటు మానలేక వచ్చి చివర నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను లేదు.

నీలవేణికి నీళ్ళంటే భయం. ఉప్పెన తర్వాత రేవు వైపు తల కూడా తిప్పలేదు. చేపలు కూడా మెట్ట మీదికి తెప్పించుకునే పని చేస్తుంది. పడవ ఎక్కి నీళ్ళ మీద రాత్రి గడపడం తన వల్ల కాదని కూలబడి ఏడ్చింది.

"గాలి తగ్గాక నాతో రా," అన్నాడు ముఖలింగం అన్నయ్య. "నీ సెయ్యి నాను ఇడవను."

ఆదివారం. నిలకడ.

వాళ్ళు వెళ్ళిన పడవ చేరిందని కూర్మారావుగారు పొద్దున చెప్పారు. దారంతా నీలవేణి కళ్ళు మూసుకునే కూర్చుందట. దిగేటప్పుడు ముఖలింగం అన్నయ్య చేతి మీద దాని గోళ్ళ గుర్తులున్నాయట.

పిల్ల పిన్నిని గుర్తుపట్టలేదు. గుమ్మంలోకి వెళ్ళి నిలబడిపోయింది. ఎవరు పిలిచినా రాలేదు. చివరికి ముఖలింగం అన్నయ్య గుమ్మానికి ఇవతల నేల మీద చతికిలబడి, ఆ పిల్ల వైపు చూడకుండా, తన పేరు చెప్పాడట. ఊరు చెప్పాడట. తనకో కూతురుండేదని, దాని పేరు పారిజాతమని చెప్పాడట. "ఉండేది" అన్నాడని కూర్మారావుగారు నాతో రెండుసార్లు చెప్పారు. ఆ మాట ముఖలింగం అన్నయ్య నోట నేను ఎప్పుడూ వినలేదు.

చాలాసేపటికి పిల్ల వచ్చి ఆయన పక్కన కూర్చుందట. ఎప్పుడో నీలవేణి కూడా వచ్చి కూర్చుంది. "జయంతీ" అంటే పిల్ల తలెత్తిందట. ఇంకా మాటైతే లేదు.

కూర్మారావుగారు ఆ ముగ్గురి ఫొటో పంపారు. నలభై కిలోబైట్లు. మిషన్‌కి ఇంకా ఏమీ రాదు కాబట్టి మూడు మసక మచ్చలు కనబడ్డాయి. చిన్న మచ్చ మధ్యలో. ముఖాలేవీ లేవు.

"కనబడుతున్నారా?" అని అడిగారాయన.

"లేదు. ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా?"

రేడియోలో కాసేపు గరగర. ఆయన మళ్ళీ వాళ్ళ వైపు చూసి ఉంటారు.

"చెప్పడం కష్టం రత్నమ్మా," అన్నారు. "నేనిక్కడే ఉన్నాను, నాకే తెలియడం లేదు."

ఫొటోని ఏమీ దిద్దకుండా గోడ మీద పెట్టాను. కింద ఎడమ నుంచి కుడికి ముగ్గురి పేర్లూ రాశాను.